జారిపోయే సీసం: స్కూబా జాకెట్టు బరువులు నీటిలో ఊడకుండా ఉండాలంటే

హావ్‌లాక్ ద్వీపం, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, దగ్గర డిక్సన్స్ పినకిల్ అనే చోటు ఉంది. అక్కడి రాతి గుట్టల శిఖరాలు నీటి కింద సుమారు 18 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. తాడు వదిలి పైకి వచ్చే డైవర్‌కు ఆ తర్వాత పట్టుకోవడానికి రాయి దొరకదు, చూపు నిలపడానికి నేల కనబడదు. చుట్టూ నీలి నీరే. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేందుకు ఉపరితలానికి 5 మీటర్ల కింద మూడు నిమిషాలు ఆగాలి. అప్పటికి సిలిండర్‌లో గాలి 50 బార్లకు (బార్ అంటే పీడనం కొలమానం) తగ్గి ఉంటుంది, తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో గాలి దాదాపు ఉండదు. సరిగ్గా ఆ సమయంలో నడుము పక్క జేబులోంచి, మునిగి ఉండేందుకు పెట్టుకున్న మూడు కిలోల సీసపు సంచి జారిపోతే, సంచి పోయిందన్న సంగతి డైవర్‌కు వెంటనే తెలియదు. ముందుగా ఒక పక్క ఒళ్ళు తేలికై ఎగదన్నుతుంది. తర్వాత మణికట్టు మీది కంప్యూటర్ పైకి లేచే వేగం మించిందని మోగుతుంది. ఏం జరిగిందో అర్థమయ్యే సరికి తల నీటి బయట ఉంటుంది.

ఇలాంటి సంఘటన జరిగినప్పుడల్లా నింద క్లిప్పు మీదికో వెల్‌క్రో మీదికో పోతుంది. క్లిప్పులు విఫలమయ్యే మాట నిజమే. అయితే సంచి ఊడడం ఒక సంగతి, ఊడిన సంచి మనిషిని పైకి విసిరేయడం మరో సంగతి. మొదటిది బిగింపులో లోపం. రెండవది, ఎంత సీసం మోస్తున్నాం, దాన్ని ఎక్కడెక్కడ పెట్టాం అన్న లెక్కలో లోపం. ఆ లెక్క సరిగ్గా ఉంటే ఊడిన సంచి ఒక చికాకుగా మిగిలిపోతుంది.

అసలు ఈ జేబులు ఎందుకొచ్చాయో ముందు చూడాలి. పాత పద్ధతిలో సీసపు దిమ్మలను నైలాన్ బెల్టుకు గుచ్చి నడుముకు కట్టుకునేవారు. లోతుకు పోయేకొద్దీ రబ్బరు సూటు నలిగి పలచబడుతుంది, నడుము దగ్గర బెల్టు వదులవుతుంది, జారుతుంది, పక్కకు తిరుగుతుంది. పైగా ఆ బరువంతా నడుము కింది భాగాన్ని లాగి నొప్పి పుట్టిస్తుంది. గాలి నింపుకునే జాకెట్టులోనే, అంటే డైవర్లు బీసీడీ అని పిలిచే దానిలోనే, రెండు పక్కలా జేబులు పెట్టి సీసాన్ని అందులోకి మార్చేసరికి నడుముకు ఊరట దొరికింది. సిలిండర్, జాకెట్టు, బరువు ఒకే సామానుగా మారాయి. గత మూడు దశాబ్దాల్లో వినోదం కోసం డైవింగ్ చేసేవారిలో ఎక్కువమంది ఈ పద్ధతికే అలవాటుపడ్డారు.

ఈ జేబుల మీద రెండు పనులు పడ్డాయి. అవి ఒకదానికొకటి ఎదురు. ఆపదలో ఒక్క గుంజుతో సంచి బయటికి రావాలి, మిగతా సమయమంతా ఎంత కుదుపు వచ్చినా కదలకూడదు. మొదటి పని ఎందుకు తప్పనిసరో మరణాల నివేదికలు చెబుతాయి. డైవింగ్ భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం 947 డైవింగ్ మరణాలను పరిశీలించింది. ఆపదకు తొలి కారణం తేలిన సందర్భాల్లో 41 శాతం శ్వాసకు గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. ప్రమాదాల్లో చనిపోయినవారిలో అత్యధికులు బరువులు వదలకుండా, ఒంటిమీద ఉండగానే దొరుకుతారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన చేదు నిజం. కాబట్టి బరువు వదలగలిగే ఏర్పాటును బలహీనపరిచే ఏ చిట్కా అయినా ప్రమాదకరమే.

అదే అధ్యయనంలో మరో అంకె ఉంది. ఆపదను ప్రాణాంతక స్థాయికి చేర్చిన పరిణామాల్లో 55 శాతం, అత్యవసరంగా పైకి రావడమే. నీటి మట్టానికి 10 మీటర్ల కింద పీడనం రెండు బార్లు, పైన ఒక బార్. అంటే ఆ 10 మీటర్ల దూరంలో ఊపిరితిత్తుల్లో గాలి రెండింతలు అవుతుంది. నిండుగా పీల్చి ఊపిరి బిగబట్టినవారికి ఒక మీటరుకు కాస్త పైచిలుకు ఎత్తు పెరిగినా ఊపిరితిత్తులు చిట్లే అవకాశం ఉంది. చిట్లితే గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. లోతు తక్కువ కదా, 5 మీటర్ల దగ్గర ఏమవుతుందిలే అనుకోవడం అందుకే పొరపాటు. గాలి అతివేగంగా ఉబ్బేది ఆ చివరి మీటర్లలోనే.

ఇక లెక్కలోకి వెళదాం. సీసం నీటికన్నా పదకొండింతల సాంద్రత గలది కాబట్టి నీటిలో తన బరువులో సుమారు 9 శాతమే కోల్పోతుంది. మూడు కిలోల సంచి పోతే డైవర్‌ను పైకి నెట్టే బలం దాదాపు 2.7 కిలోలు పెరుగుతుంది. ఊపిరి బాగా వదిలితే కిలోన్నర, మహా అయితే రెండు కిలోల తేడాను సర్దుకోవచ్చు. అది కూడా మళ్ళీ ఊపిరి పీల్చేదాకానే. 2.7 కిలోలను ఊపిరితో ఆపడం ఎవరి వల్లా కాదు.

మరి జాకెట్టులో గాలి వదిలేస్తే? సమాధానం డైవ్ ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 11 లీటర్ల చోటు ఉంటుంది. 200 బార్లకు నింపితే అందులోని గాలే 2.7 కిలోల దాకా తూగుతుంది. 50 బార్లకు దిగేసరికి అందులో రెండు కిలోలు ఖర్చయిపోతాయి. అంటే బరువు సరిగ్గా చూసుకున్న డైవర్ మొదట్లో రెండు కిలోలు ఎక్కువ మోస్తూ ఉంటాడు, ఆ మేరకు జాకెట్టులో గాలి నింపుకుంటాడు. 18 మీటర్ల దగ్గర మూడు మిల్లీమీటర్ల సూటు నలిగి మరో కిలో తేలుడు పోతుంది, దానికీ గాలి నింపాలి. ఆ దశలో సంచి ఊడితే జాకెట్టులోని ఆ మూడు లీటర్ల గాలి వదిలేస్తే చాలు, మనిషి నిలకడగా ఆగుతాడు.

అదే సంచి డైవ్ చివర్లో, 5 మీటర్ల దగ్గర ఊడితే వదలడానికి జాకెట్టులో గాలే ఉండదు. సిలిండర్ తేలికైంది, సూటు మళ్ళీ ఉబ్బింది. సంచి అదే, మనిషి అదే, ఫలితం మాత్రం వేరు. ఇందులో మరో మెలిక ఉంది. డైవ్ మొదట్లోనే సంచి పోగొట్టుకుని, గాలి వదిలి నిలదొక్కుకుని, ఏమీ కాలేదనుకుని ముందుకు సాగినవారికి ఆపద తప్పలేదు, వాయిదా పడింది అంతే. గాలి ఖర్చయ్యేకొద్దీ ఆ 2.7 కిలోల లోటు చివర్లో బయటపడుతుంది. సంచి వెంటనే దొరక్కపోతే ఆ డైవ్‌ను అక్కడితో ఆపి, లంగరు తాడు చేతికి అందేంత దూరంలో ఉండగానే దాన్ని పట్టుకుని పైకి రావాలి.

సంచులు ఊడే తీరు జేబు రకాన్ని బట్టి ఉంటుంది. మొదట్లో వచ్చిన వాటిలో సంచిని జేబులోకి తోసి వెల్‌క్రోతో అతికించడమే. వెల్‌క్రో కొత్తలో బాగానే పట్టుకుంటుంది. కొక్కేల మధ్య ఇసుక, దారపు పోగులు చేరి, ఉప్పు పట్టి, ఎండకు గట్టిపడ్డాక పట్టు సగానికి సగం పోతుంది. పైకి చూస్తే అతికినట్టే ఉంటుంది. పాత వెల్‌క్రో మాత్రమే ఆధారంగా ఉన్న జేబును నమ్మకూడదు. తర్వాత ప్లాస్టిక్ బకిళ్ళు వచ్చాయి, పాఠశాల సంచులకు ఉండేలాంటివే, రెండు కొమ్ములు రెండు పక్కలా నొక్కుకుని లోపల పడతాయి. ఇప్పుడు చాలా సంస్థలు సొంత యంత్రాంగాలు పెట్టుకున్నాయి. ఆక్వాలంగ్ షూర్‌లాక్, మారెస్ ఎంఆర్ఎస్ వంటి వాటిలో సంచిని లోపలికి తోస్తే టక్కున పడుతుంది, పిడి లాగితే వస్తుంది. జీగల్ జాకెట్లలో కొన్నిటికి పొడవైన తీగ ఉంటుంది, దాన్ని లాగితే జేబులు అడుగునుంచి తెరుచుకుంటాయి.

ప్లాస్టిక్ బకిల్‌ను దగ్గరగా చూస్తే అసలు దొంగ దొరుకుతాడు. రెండు కొమ్ముల్లో ఒకటి పూర్తిగా లోపలికి పోయి పక్క రంధ్రంలోంచి బయటికి తొంగిచూస్తుంది. రెండవది ఇసుక రేణువు అడ్డుపడో, వంకరగా తోయడం వల్లో, అంచు దగ్గరే ఆగుతుంది. పడవ మీద నిలబడి ఉన్నప్పుడు ఆ ఒక్క కొమ్మే సంచిని మోస్తుంది. చూసేవారికి బకిల్ పడినట్టే ఉంటుంది. తీరా పడవ అంచు నుంచి అడుగు వేసి నీటిలో దూకగానే, జాకెట్టు ఒక్కసారి పైకి తన్ని, సంచి కిందికి గుంజి, ఆ ఒక్క కొమ్మూ జారిపోతుంది. అందుకే కళ్ళతో చూసి సరిపెట్టుకోకూడదు. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు మరో పక్క పెట్టి రెండు కొమ్ములూ చర్మానికి తగులుతున్నాయో లేదో తడిమి చూడాలి. టక్కున వచ్చే చప్పుడు పడవ ఇంజన్ మోతలో వినపడదు, వేళ్ళకు మాత్రం తెలుస్తుంది.

యంత్రాంగం ఎంత గట్టిదైనా జేబుకు నప్పని సీసం పెడితే ప్రయోజనం ఉండదు. పెద్ద సంచిలో ఒకే ఒక్క రెండు కిలోల దిమ్మ వేస్తే అది లోపల దొర్లుతూ ప్రతి కదలికకూ తాళం మీద సుత్తిలా కొడుతుంది. పరిమితికి మించి కుక్కితే తాళం చివరిదాకా పడదు. సీసపు గుళ్ళ సంచులు జేబు ఆకారానికి ఒదిగిపోతాయి కాబట్టి ఈ బాధ తక్కువ. దిమ్మలే వాడాల్సి వస్తే సంచి అడుగుకు ఆనేలా సర్ది, మిగిలిన ఖాళీ కదలకుండా చూసుకోవాలి. జాకెట్టు మనిషికి పెద్దదైనా ఇదే తంటా, జేబులు పక్కలకు ఊగుతాయి. ఫోటోగ్రాఫర్లు పగడపు పగుళ్ళలోకి తలకిందులుగా వంగినప్పుడు కొన్ని జాకెట్లలో సంచి బరువంతా జేబు నోటి వైపే పడుతుంది. అలా వంగే అలవాటున్నవారు జాకెట్టు కొనేటప్పుడే దాన్ని తలకిందులుగా వేలాడదీసి చూడాలి.

ఈ తనిఖీ ఎవరు చేయాలన్న దగ్గర మన సముద్రాల్లో పెద్ద లొసుగు ఉంది. అండమాన్‌లోనూ, రుషికొండ దగ్గరా, పుదుచ్చేరిలోనూ డైవింగ్ కేంద్రాల సిబ్బంది ఎంతో మర్యాదగా సామాను అంతా బిగించి, భుజాలకు ఎక్కించి పంపుతారు. ఆ మర్యాద వల్ల చాలామంది డైవర్లు తమ సంచిని తాము ఒక్కసారి కూడా జేబులోకి తోసి ఉండరు. తాళం ఎటు పడుతుందో, పిడి ఎటు లాగాలో చేతికి తెలియదు. అద్దె జాకెట్టు రోజుకో రకంగా మారుతుంది. నిన్న పక్కకు లాగితే వచ్చిన సంచి ఇవాళ ముందుకు లాగితేనే వస్తుంది. బిగించింది ఎవరైనా సరే, సంచిని ఒకసారి బయటికి తీసి మళ్ళీ తన చేత్తో పెట్టుకోవడం డైవర్ పని. దానివల్ల ఊడకుండా చూసుకున్నట్టూ అవుతుంది, అవసరమైతే వదలడం నేర్చుకున్నట్టూ అవుతుంది. తోడు డైవర్ చేసే తనిఖీలో కూడా బరువుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది జేబును తట్టి ఊరుకుంటారు. తడితే ఏమీ తెలియదు. పిడి లాగే దిశలో కాకుండా సంచిని కిందికీ పక్కకూ గట్టిగా గుంజి చూడాలి. ఇవతలివారి తాళం ఎలా తీయాలో అవతలివారు చేసి చూపించాలి కూడా.

కొందరు విసిగిపోయి సంచిని తాడుతోనో, రబ్బరు పట్టీతోనో జాకెట్టుకు కట్టేస్తారు. ఊడినా వేలాడుతూ ఉంటుంది కదా అన్నది వారి వాదన. ఇది మంచి ఆలోచన కాదు. నిజంగా వదలాల్సిన రోజున పిడి లాగితే సంచి జేబులోంచి వచ్చి మోకాళ్ళ దగ్గర వేలాడుతుంది, బరువు మాత్రం తగ్గదు. నీటిమట్టం మీద అలసిపోయి మునుగుతున్న మనిషికి ఆ ముడి విప్పే ఓపిక ఉండదు.

దారి ఉన్నది పంచిపెట్టడంలో. వదలగలిగే సీసం, వదలనక్కరలేని సీసం అని ముందుగానే రెండుగా విడదీయాలి. వెచ్చని నీటిలో, మూడు మిల్లీమీటర్ల సూటుతో ఆరు కిలోలు అవసరమైన డైవర్ సాధారణంగా మూడు, మూడు చొప్పున రెండు జేబుల్లో వేస్తాడు. అలా కాకుండా సిలిండర్ పట్టీకి ఉండే వెనక జేబుల్లో కిలో చొప్పున రెండు కిలోలు పెట్టి, ముందు జేబుల్లో రెండేసి కిలోలే ఉంచితే, ఒక సంచి పోయినప్పుడు పైకి నెట్టే బలం 1.8 కిలోలకు తగ్గుతుంది. ఇది ఊపిరికి అందే అంచున ఉంటుంది. తాడో తోడు డైవర్ చేయో దొరికేదాకా కిందికి ఈదుతూ నిలదొక్కుకునే వీలు చిక్కుతుంది. ఆపదలో రెండు సంచులూ వదిలితే నాలుగు కిలోలు పోతాయి, పైన తేలడానికి అది పుష్కలం. వెనక సీసం పెడితే నీటిలో ఒళ్ళు అడ్డంగా, సమంగా నిలుస్తుంది, అది అదనపు లాభం. కొందరు ఉక్కు పలకను వీపున కట్టుకుని అదే రెండు మూడు కిలోల పని చేయించుకుంటారు. లోతైన డైవ్‌ల నుంచి అంచెలంచెలుగా ఆగుతూ రావాల్సిన సాంకేతిక డైవర్లయితే వదలగలిగే బరువును ఇంకా తగ్గించుకుంటారు. వారికి మధ్యలో ఆగకుండా పైకి పోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

పంచడానికి ముందు మొత్తమే తగ్గించుకోవాలి. అవసరానికి మించి సీసం మోయడం కొత్తవారిలో సర్వసాధారణం, మునగడం సులువవుతుందని శిక్షకులు కూడా ఒకటి రెండు కిలోలు అదనంగా ఇస్తారు. అదనపు సీసం ఉన్నంతసేపూ జాకెట్టులో అదనపు గాలి ఉంటుంది. సంచి పోయిన క్షణాన ఆ గాలి కూడా పైకి ఎగదోయడంలో చేరి, ఎక్కేకొద్దీ ఉబ్బుతుంది. సరైన బరువు తెలుసుకోవడానికి డైవ్ చివర, సిలిండర్‌లో 50 బార్లు ఉండగా, జాకెట్టు పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరితో కదలకుండా నిలబడాలి. నీరు కళ్ళ మట్టానికి వచ్చి, ఊపిరి వదిలితే మెల్లగా మునిగితే లెక్క సరిపోయినట్టే. హైదరాబాదు ఈతకొలనులో శిక్షణ తీసుకుని అండమాన్‌కు వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఉప్పునీరు మంచినీటికన్నా సుమారు రెండున్నర శాతం బరువు. సామానుతో కలిపి 100 కిలోలుండే మనిషికి సముద్రంలో రెండున్నర కిలోలు ఎక్కువ పడుతుంది. కొలనులో కుదిరిన లెక్క సముద్రానికి పనికిరాదు, సముద్రపు లెక్క నాగార్జున సాగర్ నీటికి పనికిరాదు.

చల్లటి నీటిలో ఈ పంపకం మరింత కీలకం. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారిలో డైవింగ్ మీద మనసుపడినవారికి దగ్గర్లో ఉన్నది మాంటెరే తీరం. అక్కడ ఏడు మిల్లీమీటర్ల సూటు తప్పదు, సీసం 10 కిలోలు దాటడం మామూలే. అంతా రెండు జేబుల్లో కుక్కితే ఒక్కో సంచి ఐదారు కిలోలవుతుంది. అది ఊడిందంటే జాకెట్టు ఖాళీ చేసినా, తలకిందులై ఈదినా ఆగడం కష్టం. పైగా అక్కడ తీరం నుంచి అలలను దాటుకుంటూ నడిచి దిగుతారు. అల పడగొట్టిందంటే తాళాల్లో ఇసుక చేరుతుంది. లోపలికి పోతే కెల్ప్ అనే పొడవైన సముద్రపు నాచు అడవులు, వాటి తీగలు బయటికి పొడుచుకొచ్చిన ప్రతి పిడికీ చుట్టుకుంటాయి. అలాంటి చోట సగం సీసం విడిగా నడుము బెల్టుకో భుజాల మీద మోసే పట్టీలకో మార్చి, కొంత వెనక జేబుల్లో వేసి, ముందు సంచుల్లో రెండు మూడు కిలోలకు మించకుండా చూసుకోవాలి. అలలు దాటాక, లోతుకు దిగేముందు, నీటిమీద ఆగి రెండు జేబులూ మరోసారి తడిమి చూసుకోవాలి.

ఇంత చేసినా సంచి పోవచ్చు. అప్పుడు మొదట ఊపిరి వదలాలి, వదులుతూనే ఉండాలి. జాకెట్టులో గాలి ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటికే చేరుతుంది కాబట్టి నిలువుగా ఉంటే ఎడమ భుజం దగ్గరి గొట్టాన్ని పైకెత్తి, అడ్డంగా వంగి ఉంటే నడుము వెనక కవాటం తాడు లాగి వదలాలి. తాడు గానీ రాయి గానీ అందితే పట్టుకోవాలి. తోడు డైవర్ పక్కనే ఉంటే జాకెట్టు పట్టుకుని తన గాలి కూడా వదిలి బరువుగా మారవచ్చు. తానూ పైకి లేస్తున్నట్టు అనిపిస్తే మాత్రం పట్టు విడవాలి, లేకపోతే ఒకరికి రావాల్సిన ప్రమాదం ఇద్దరికి వస్తుంది. ఏదీ కుదరకపోతే వెల్లకిలా తిరిగి చేతులూ కాళ్ళూ చాపి ఒళ్ళంతా నీటికి అడ్డం పెట్టాలి. దానివల్ల వేగం తగ్గుతుంది. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీయకూడదు, ఊపిరి బిగబట్టకూడదు.

పైకి వచ్చాక జాకెట్టు నింపుకుని పడవకు సైగ చేయాలి. పోయిన సంచి కోసం మళ్ళీ కిందికి దిగకూడదు. బాగానే ఉన్నట్టు అనిపించినా ఆ రోజుకు డైవింగ్ ఆపేయాలి. ఛాతీ నొప్పి, తిమ్మిరి, తూలడం, మాట తడబడడం, చూపు మసకబారడం వీటిలో ఏది కనిపించినా వెంటనే శుద్ధమైన ఆక్సిజన్ పెట్టి వైద్యానికి తరలించాలి. అంతదూరపు ద్వీపాల్లో పీడన గది, అంటే మనిషిని మళ్ళీ ఎక్కువ పీడనంలో ఉంచి చికిత్స చేసే గది, ఉన్న ఆసుపత్రికి చేరాలంటే మళ్ళీ సముద్రం దాటాలి, ఆ ఆక్సిజన్ దారి పొడవునా సరిపోవాలి. పడవ ఎక్కేముందే ఆక్సిజన్ సిలిండర్ ఉందా, అందులో ఎంత ఉంది అని అడిగితే ఏ మంచి కేంద్రమూ నొచ్చుకోదు.

సంచులను పడవలోకి అందించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. నిచ్చెన ఎక్కేముందు సంచులు తీసి పైనున్నవారి చేతికి ఇవ్వడం మంచి అలవాటే. అయితే అవతలివారు పట్టుకున్నామని చెప్పేదాకా ఇవతలివారు వదలకూడదు, నిచ్చెన కింద ఇంకెవరూ ఉండకూడదు. డైవ్ అయ్యాక తాళాలను మంచినీటిలో ముంచి, నీటి లోపలే నాలుగైదుసార్లు వేసి తీస్తే ఇసుక బయటికి వస్తుంది. కొమ్ము తెల్లబారినా, వంగినా, పిడి కుట్లు వదులైనా ఆ ముక్క మార్చేయాలి. కొత్త బకిల్ ఖరీదు ఒక్క డైవ్‌కు కట్టే రుసుములో చిన్న భాగం.